తొట్టిలో నీలికలువ

కుమారస్వామి పూజకోసం ఇంద్రుడు తిరుత్తణి కొండపై నీలోత్పలాలు నాటాడని స్థలపురాణం. ఆ నీలోత్పలమే మన నీలికలువ.

చంద్రుణ్ణి కలువరేడు అంటాం కాబట్టి కలువలన్నీ రాత్రే పూస్తాయనుకుంటాం. ఎర్రకలువకు అది నిజమే. నీలికలువ మాత్రం ఉదయం విచ్చి, మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటుంది.

నాటే విధానం:

1. అడుగున రంధ్రం లేని, 2 అడుగుల వెడల్పు, 1½ అడుగు లోతు గల తొట్టిని ఎండ బాగా తగిలేచోట ఉంచండి.

2. అరడుగు మేర బంకమట్టి నింపండి. పచ్చిపేడ వేయకండి, నీరు కుళ్ళుతుంది.

3. మొలక పైకి కనబడేలా దుంప నాటి, మట్టిపై పలుచగా ఇసుక పరవండి.

4. మొదట 4 అంగుళాల నీరు చాలు. ఆకులు సాగేకొద్దీ పెంచండి.

పండుటాకులు తీసేయండి. నాలుగు గప్పీ చేపలు వదిలితే దోమపిల్లలను తినేస్తాయి. రెండేళ్ళకోసారి దుంపలు విడదీసి తోటివారికి ఇవ్వండి.

హెచ్చరిక: దుంపకోసం చెరువులోకి దిగవద్దు. కాడలు కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవారికీ ప్రమాదమే. నర్సరీలో కొనండి, లేదా పెంచుతున్నవారిని అడగండి.

తిరువళ్ళూరు ప్రాంతపు చెరువులు ముఖ్యంగా అక్టోబరు–డిసెంబరు వానలతో నిండుతాయి. వేసవిలో అవి ఎండినా కలువ చావదు. దుంప బురదలో నిద్రించి, నీరు చేరగానే చిగురిస్తుంది. చెరువునే పూడ్చేస్తే మాత్రం దానికి మళ్ళీ మొలకెత్తే దారి లేదు.

అభ్యాసం: ఒక మొగ్గకు దారం కట్టండి. అది ఎన్ని రోజులు, ఏ వేళల్లో విచ్చుకుందో నోటుపుస్తకంలో రాయండి.