కారులో కాలిన వాసన: కారణాలు, కర్తవ్యం

యంత్రానికి నోరు లేదు. తన బాధను అది శబ్దం ద్వారానో, వేడి ద్వారానో, వాసన ద్వారానో తెలుపుకొంటుంది. రోడ్డు రద్దీలో శబ్దం వినబడకపోవచ్చు. ఉష్ణోగ్రతను చూపే ముల్లు ఇంజిన్ సంగతి చెబుతుందే గాని చక్రాల సంగతి చెప్పదు. కాలిన వాసన అట్లు కాదు. ఏ మూల పుట్టినా అది తరచుగా లోపల కూర్చున్న వారిని చేరుతుంది. "అద్దం దించితే పోతుందిలే" అని సరిపెట్టుకొనుట ఆ హెచ్చరికను బయటికి గెంటివేయుటయే అవుతుంది.

మన ఊళ్ళ షెడ్లలో అనుభవం గల ఉస్తాద్ బానెట్ ఎత్తక మునుపే రెండు ప్రశ్నలు వేస్తాడు: వాసన ఎటువంటిది? ఎప్పుడు వచ్చింది? ఈ రెండు ప్రశ్నలే నిర్ణయానికి మూలం.

మొదట బ్రేకుల సంగతి. కదిలే బండి చలనశక్తిని బ్రేకులు ఘర్షణ చేత ఉష్ణంగా మారుస్తాయి. శ్రీశైలం ఘాట్ వంటి దారిలో దిగుతూ ఎడతెగక బ్రేకు తొక్కినచో ఆ వేడి చల్లారుటకు వ్యవధి ఉండదు. ముందు ప్యాడ్ల నుండి ఘాటైన వాసన వస్తుంది. ఆపై బ్రేకు ద్రవం మరుగవచ్చు. డాట్-3 రకపు కొత్త ద్రవం మరుగుటకు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు కావలెను. కాని అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరిన ద్రవానికి నిర్ణయించిన కనీస హద్దు 140 డిగ్రీలే. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు ఏర్పడుట వలన పెడల్ అడుగంటినా బ్రేకు పడదు. కనుక వాసన రాగానే భద్రమైన చోట ఆగి, చక్రాలను వాటంతట అవే చల్లారనిచ్చి, తక్కువ గేరులో దిగవలెను. కాలిన చక్రంపై నీరు పోయరాదు. సమతలపు దారిలోనే ఈ వాసన వస్తే హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినదీ లేనిదీ చూడవలెను. దించినా ఒక్క చక్రమే మిక్కిలి వేడిగా ఉంటే దాని బ్రేకు పట్టుకుపోయి ఉండవచ్చు. చక్రాన్ని తాకనక్కరలేదు, చేతిని కొంత దూరాన ఉంచినా తేడా తెలుస్తుంది.

ఇదే విధమైన వాసన ఎత్తు ఎక్కునప్పుడు వస్తే క్లచ్‌ను అనుమానించవలెను. ఇంజిన్ రొద పెరిగినా బండి వేగం పెరగకపోవుట దాని గుర్తు. ఎడమ పాదాన్ని ఎల్లప్పుడూ క్లచ్ పెడల్‌పై ఆనించే అలవాటు ప్లేటును అరగదీస్తుంది. చల్లారిన తరువాత కూడా జారుతుంటే ప్లేటు మార్పించక తప్పదు.

మాడిన నూనె వాసన వస్తే గ్యాస్కెట్ నుండి కారిన ఆయిల్ వేడి ఎగ్జాస్టు గొట్టంపై పడుతున్నదని ఊహించవచ్చు. ఆయిల్ మట్టం చూచి, కారుడును అరికట్టవలెను. తియ్యని వాసన కూలెంట్‌ది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయరాదు. ఒత్తిడి వలన 100 డిగ్రీలు దాటినా మరగక ఉన్న ద్రవం, మూత తీయగానే ఎగజిమ్మి ఒళ్ళు కాల్చుతుంది. గడ్డి కాలిన వాసన వస్తే బండి అడుగున చూడవలెను. కోతల కాలంలో రోడ్డుపై పరచిన పంట గడ్డి ఎగ్జాస్టుకు చుట్టుకొని అంటుకొనవచ్చు.

అన్నిటికన్న ప్రమాదకరమైనది ప్లాస్టిక్ మాడిన వాసన. అది విద్యుత్ తీగల లోపాన్ని తెలుపుతుంది. తీగలో పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న జౌల్ నియమాన్ని విద్యార్థులు చదివియే ఉంటారు. 10 ఆంపియర్లకు తగిన తీగలో 20 ఆంపియర్లు పారితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ఫ్యూజు తాను కరిగి తీగను కాపాడుతుంది. కరిగిన ఫ్యూజుకు బదులు రాగి తీగనో, సిగరెట్ పెట్టెలోని రేకునో చుట్టుట కావలివానిని పంపివేసి తలుపులు తెరచి ఉంచుట వంటిది. అదే అంకె గల ఫ్యూజు వేయవలెను. అదీ కరిగితే లోపం మరొకచోట ఉన్నదని గ్రహించవలెను.

వాసన ఏదైనను తక్షణ కర్తవ్యం ఒక్కటే. హెచ్చరిక దీపాలు వేసి, బండిని ప్రక్కకు తీసి, ఇంజిన్ ఆపి, అందరినీ దించి దూరంగా నిలుపవలెను. బానెట్ సందుల నుండి పొగ వస్తున్నచో దానిని పైకెత్తరాదు; గాలి తగిలి మంట చెలరేగుతుంది. పెట్రోలు మంటపై నీరు చల్లరాదు. పొడితో ఆర్పే సాధనం వాడవలెను. మంట పెరిగితే సామానుకై వెనుకకు పోక 101కు తెలుపవలెను. విద్యుత్ కారు బ్యాటరీ నుండి వాసనగాని పొగగాని వస్తే దానిని విప్పి చూచే ప్రయత్నమే తగదు.

కొత్త ప్యాడ్లు, కొత్త క్లచ్ వేసిన తొలి దినాలలో స్వల్పంగా వాసన వచ్చుట సహజం. రోజులు గడిచినా అది పోకున్నచో మెకానిక్కుకు చూపవలెను. వాసన ఎటువంటిదో, ఎప్పుడు వచ్చినదో గుర్తుంచుకొని చెప్పగలిగితే అతనికి సగం పని తీరుతుంది. నేడు చదువుకొంటున్న వారే రేపు తమవారిని వెంటబెట్టుకొని బండి నడుపుతారు. పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదని బండి ఆపగల వివేకం, నడపగల నేర్పు కన్న తక్కువది కాదు.