పచ్చికలో పురుగు కనబడిందా? ముందు పోల్చుకోండి

రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటితే కడియం నర్సరీలు దగ్గరే. అక్కణ్నుంచి గడ్డి చాపలు తెచ్చి, కింద పశువుల ఎరువు దట్టంగా పోసి, కొబ్బరిచెట్ల మధ్య లాన్ పరుచుకున్న ఇళ్లు అమలాపురం, కొత్తపేట, రాజోలు వైపు కనిపిస్తూనే ఉంటాయి. తొలకరి దాటాక అందులో అక్కడక్కడ పళ్లెమంత మేర గడ్డి ఎండుతుంది. తవ్వి చూస్తే తెల్లగా, లావుగా ఓ పురుగు. ఇంకేముంది, గుళికల మందు తెచ్చి చల్లేసి నీళ్లు పెట్టేస్తారు. మన నేలలో నీరు పైపైనే ఉంటుంది. ఆ మందు బావిలోకి దిగడానికి ఎంతసేపు? పైగా ఆ పచ్చిక మీదే పిల్లలు ఆడతారు, కోసిన గడ్డి గేదెకు వేస్తాం. ఫోరేట్ గుళికలనైతే మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించారు. కొట్టుగదిలో పాత డబ్బా మిగిలి ఉన్నా దాని జోలికి పోరాదు.

అసలు గడ్డి ఎండింది పురుగు వల్లేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎండిన మేర అంచున గడ్డిని గుప్పెట పట్టి లాగండి. వేళ్లు లేకుండా చాప లేచినట్టు ఊడి వస్తే వేరు పురుగు పని. గట్టిగా పట్టుకుని ఉంటే నీరు చాలకో, నీరు నిలిచో, తెగులు వల్లో ఎండి ఉంటుంది. ఆకుల అంచులు కొరికినట్టుండి, మొదళ్ల దగ్గర పచ్చని రెట్ట ఉండలు కనబడితే గొంగళి పురుగు. నేల మీద వేలి వెడల్పున మట్టి పొంగి వంకరటింకరగా దారులు పడితే కుమ్మరి పురుగు. దాని ముందు కాళ్లు పారల్లా ఉంటాయి, ఇట్టే గుర్తుపట్టవచ్చు. నడుస్తుంటే కాళ్ల ముందు చిన్న చిన్న పచ్చ పురుగులు చిటపట ఎగురుతూ, ఆకుల మీద తెల్ల చుక్కలుంటే పచ్చదోమ. రాత్రి దీపం చుట్టూ మూగే దీపపు పురుగులు ఇవే.

గొంగళి, కుమ్మరి పురుగులు పగలు దాక్కుంటాయి కాబట్టి వాటిని పైకి రప్పించాలి. 8 లీటర్ల నీటిలో 30 మి.లీ. గిన్నెలు తోమే ద్రవ సబ్బు కలిపి, ఎండిన చోట అంచున ఒక చదరపు గజం మేర పోయండి. ఉంటే పది నిమిషాల్లో బయటకు వచ్చేస్తాయి. వేరు పురుగు మాత్రం దీనికి రాదు. దానికోసం అడుగు చదరం గడ్డిని మూడు పక్కలా కోసి, మూడు అంగుళాల లోతున పైకి తిరగేసి లెక్కపెట్టాలి. ఒకటి రెండు ఉంటే పచ్చిక తట్టుకుంటుంది. ఎనిమిది, పది ఉంటే నష్టమే.

అయితే తెల్ల పురుగులన్నీ వేరు పురుగులు కావు. అసలు చిక్కు ఇక్కడే ఉందండి. గడ్డి వేళ్లు గట్టిగానే ఉండి, కింద బొటనవేలంత లావు పురుగులు ముడుచుకుని పడుకుని ఉంటే అవి కొబ్బరి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. అవి పచ్చి వేళ్లను ముట్టవు, కుళ్లే ఎరువు తిని బతుకుతాయి. పచ్చికకు వాటివల్ల బెంగ లేదు గానీ, పెద్దవై రెక్కలొచ్చాక పోయేది మన కొబ్బరి మొవ్వులోకే. విప్పారని ఆకును తొలిచేస్తాయి. అది విచ్చుకున్నాక చూస్తే కత్తెరతో కోసినట్టు విసనకర్రలా కనబడుతుంది. ఆ గాయాలున్న చెట్టుకు ఎర్రముక్కు పురుగు పట్టిందంటే చెట్టే దక్కదు. లాన్ కోసం తోలిన మాగని ఎరువుతో మనమే కొమ్ము పురుగును చెట్టు మొదట్లోకి మోసుకొస్తున్నామన్న మాట.

పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు ఏది ఏదో తెలియదు. భూతద్దంతో తోక చివర అడుగు భాగం చూడండి. సన్నని ముళ్లు రెండు వరుసలుగా, పంట్లాము జిప్పులా ఉంటే వేరు పురుగు. కొమ్ము పురుగు పిల్లకు ఆ వరుసలుండవు. ఇంకొకటి ఉంది. గచ్చు మీద వేస్తే వెల్లకిలా పడి, కాళ్లు పైకి పెట్టి వీపుతో పాకుతుంది. అది పూలమీద వాలే పెంకు పురుగు పిల్ల, ఎరువును మట్టి చేసి పెడుతుంది. దాన్ని చంపనక్కర్లేదు.

కొమ్ము పురుగు పిల్లలు కనబడితే మందు కన్నా ఎరువు పోగు మీద దృష్టి పెట్టాలి. పోగును తిరగేసి పురుగులను ఏరేయాలి. కోళ్లను వదిలితే సగం పని అవే చేస్తాయి. కూలిన కొబ్బరి మొద్దులను తోటలో కుళ్లనివ్వరాదు. ఎరువుపోగులో కలిపే మెటారైజియం శిలీంధ్రం గురించి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగవచ్చు. అది పట్టిన పురుగు ముందు తెల్లగా, తర్వాత ముదురాకుపచ్చగా బూజు పట్టి చస్తుంది. ఇక వేరు పురుగుకైతే, తొలి వానల తర్వాత మునిమాపున వేప, మునగ చెట్ల మీద మూగే గోధుమరంగు పెంకు పురుగులను దులిపి కిరసనాయిలు కలిపిన నీళ్లలో వేయడం మేలు.

ఆరుద్ర కార్తెలో కనబడే ఎర్రటి మఖమల్ ఆరుద్ర పురుగు, రోకలిబండ, సాలీడు... వీటి మీద మందు చల్లేవాళ్లూ ఉన్నారు! ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు, గడ్డిని తినదు. రోకలిబండ తినేది కుళ్లిన ఆకు. సాలీడైతే మన పక్షమే.

లాన్ లేని రైతుకు ఇదంతా ఎందుకంటారా? గడ్డీ వరీ ఒకే కుటుంబం. బెట్ట తర్వాత ఒక్కసారిగా పెద్ద వానలు పడితే, గట్ల గడ్డిలో పెరిగిన దండు పురుగు సార్వా నారుమళ్లలోకి దిగి, రాత్రికి రాత్రి పశువులు మేసినట్టు చేస్తుంది. గోరువంకలు, కొంగలు గట్టు గడ్డిలో గుంపుగా వాలి పొడుస్తుంటే ఆ సాయంత్రమే టార్చిలైటు తీసుకుని మడి చూసుకోండి. పురుగు దిగి ఉంటే మడి నిండా నీళ్లు పెట్టండి. పురుగులు నారు కొసలకు ఎక్కుతాయి, పిట్టలు ఏరుకుంటాయి.