ఫ్యామిలీ కోర్టులో వాయిదా ఉందా? ఇవి గుర్తుంచుకోండి

మా చెల్లెలి మనోవర్తి కేసు నడిచినన్నాళ్లూ తనకు తోడుగా ఫ్యామిలీ కోర్టు వరండాలో కూర్చున్నాను. అక్కడ తెలిసొచ్చినవి ఇవి.

1. ఉదయం పదింటికల్లా కోర్టులో ఉండండి. బంట్రోతు పేరు పిలిచినప్పుడు పలకకపోతే, కేసు వేసినవారిదైతే కొట్టేయవచ్చు, ఎదుటివారినైతే ఎక్స్‌పార్టీ చేయవచ్చు, అంటే వారు లేకుండానే కేసు నడిపించవచ్చు. టీకి వెళ్లాలన్నా గుమ్మం దగ్గర ఒకరిని ఉంచి వెళ్లండి.

2. ఫోను ఆపేయండి. శుభ్రమైన మామూలు బట్టలు చాలు.

3. బోనెక్కాక ప్రశ్న పూర్తిగా వినండి. అడిగింది ఎదుటి ప్లీడరే అయినా జవాబు జడ్జిగారికి చెప్పండి. "మీ ఆయన డబ్బు పంపారా?" అని క్రాస్‌లో అడిగితే మా చెల్లి పెళ్లినాటి గొడవల నుంచి మొదలుపెట్టింది. జడ్జిగారు ఆపి, "పంపారా లేదా, అది చెప్పమ్మా" అన్నారు. "మూడు నెలలు పంపారండీ, తర్వాత లేదు" అంది. టైపిస్టు కొట్టింది ఆ ఒక్క ముక్కే. గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి. సంతకం పెట్టేముందు మీ వాంగ్మూలం చదువుకోండి. తేడా ఉంటే అప్పుడే చెప్పాలి.

4. అవతలివాళ్లు అబద్ధమాడుతుంటే ఒళ్లు మండుతుంది, నిజమే. లేచి అరవకండి. చీటీ మీద రాసి మీ ప్లీడరుగారికి అందించండి.

5. జీతం, ఆస్తి, అప్పు ఏదీ దాచకండి. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆ వివరాలతో అఫిడవిట్ వేయాలని 2020లో రజనేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క బ్యాంకు ఖాతా దాచి దొరికిపోతే మీరు చెప్పే నిజాలకూ విలువ పోతుంది.

6. పదిమందిలో చెప్పుకోలేని విషయాలుంటే తలుపులు మూసి విచారించమని అడగండి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 11వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది.

7. కోర్టు రమ్మంటే తప్ప పిల్లల్ని తీసుకురావద్దు. రావలసివస్తే, జడ్జిగారి ముందు ఏం చెప్పాలో నూరిపోయకండి. ఒకరోజు ఆరేడేళ్ల పాప స్కూలు యూనిఫాంలోనే వచ్చింది. నాన్న బిస్కెట్ ప్యాకెట్ అందిస్తే తీసుకోలేదు, అమ్మ ముఖం చూస్తూ నిలబడిపోయింది. అలాంటప్పుడు "తీసుకో తల్లీ, నాన్నేగా" అని మీరే అనండి.