కాయక విచారము: వాటాదారుని పాలు

ఆయ్దక్కి మారయ్య కల్యాణమున నేల రాలిన బియ్యపుగింజల నేరుకొని జీవించిన శరణుడు. ఒకనా డాయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, ధర్మపత్ని లక్కమ్మ ఆ మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మని త్రిప్పి పంపినది. ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. బియ్యము తెచ్చినది ఆమె కాదు. వండునది మాత్రమే ఆమె. అయినను అది యెక్కడిదని అడుగుట తన బాధ్యతయే యని ఆమె తలచినది.

పదిమంది ధనము కూర్చి నడుపు కంపెనీల విషయమున ఈ ప్రశ్న మరింత చిక్కైనది. లాభము వచ్చినపుడు పంచుకొనువారు మనుష్యులు. తప్పు జరిగినపుడు మాత్రము చేసినది కంపెనీ! దీనికి దృష్టాంతము బందరులోనే కలదు.

1611లో గ్లోబ్ అను ఓడ మచిలీపట్టణము చేరగా, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అచ్చట వర్తకస్థానము నెలకొల్పినది. బట్టలు కొనవచ్చిన ఆ వాటాల సంఘము, నూటయేబది యేండ్లు గడచునప్పటికి ఈ సీమకు శిస్తు గొను ప్రభువైనది. నందన నామ సంవత్సరమున మొదలై 1833లో ముదిరిన డొక్కల కరవు గుంటూరు, బందరు మండలములను మాడ్చివేసినది. గుంటూరు మండలములో అయిదు లక్షల జనమునకు రెండు లక్షలమంది వరకు గతించిరని అంచనా. కృష్ణ ప్రక్కనే యున్నను నీటిని నిలుపు ఆనకట్ట లేదు. బెజవాడ ఆనకట్ట 1855లో గాని పూర్తి కాలేదు. గుడివాడ చేలకు కాలువనీరు ఆ తరువాతి మాట, పులిగడ్డ అక్విడక్టు మీదుగా దివిసీమకు చేరుట ఇంకను తరువాతి మాట.

అదే 1833లో లండను పార్లమెంటు కంపెనీ వర్తకమును మాన్పించి, వాటాదారులకు సాలీనా నూటికి 10½ వంతున లాభాంశము హిందూదేశపు రాబడినుండియే చెల్లింపవలెనని శాసించినది. 60 లక్షల పౌనుల మూలధనముపై అది ఏటికి 6,30,000 పౌనులు. వర్తకము లేదు, లాభము కలదు! ఆ రాబడిలో పెద్దపాలు రైతు కట్టిన శిస్తు.

ఆ వాటాదారులు క్రూరులు కారు. వారిలో వితంతువులు, మతాచార్యులును కలరు. పెక్కుమంది ఈ తీరమును చూచియైన నెరుగరు. ఆజ్ఞ యిచ్చినవానిని, లెక్క వ్రాసినవానిని, ఫలము తిన్నవానిని ఒకే త్రాట కట్టుట న్యాయము కాదు. కాని మూడవవాని భారము సున్న యనుట అంతకంటె అన్యాయము. వేయి పౌనుల వాటా యున్నవానికి సభలో ఓటు కూడ నుండెను గదా!

కంపెనీ యన్నంతనే పాపమని దీని భావము కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించినదియు ఈ బందరులోనే.

2008 డిసెంబరు 16న హైదరాబాదు సత్యం కంప్యూటర్సు డైరెక్టర్లు, చైర్మను కుటుంబమునకు చెందిన రెండు మేటాస్ సంస్థలను కొనుటకు నిర్ణయించిరి. వాటాదారులు అలజడి చేయగా కొన్ని గంటలలోనే ఆ నిర్ణయము రద్దైనది. వాటాదారుని మాట చెల్లదనుట కల్ల యని తేలినది. అయితే ఆనాడు వారు పలికినది తమ సొమ్ము కొరకు.

2013 కంపెనీల చట్టము ననుసరించి, సర్వసభ్య సమావేశమునకు 21 దినములు ముందుగా వాటాదారునకు నోటీసు రావలెను. లిస్టయిన కంపెనీ యైనచో గుడివాడలో ఇంట గూర్చుండియే ఓటు వేయవచ్చును. పెద్ద కంపెనీల వార్షిక నివేదికలో పనివారి భద్రత, విడిచిపెట్టు మురుగునీరు, వ్యర్థములను గూర్చిన పుటలును ఉండును. అవి లాభాంశము వ్రాసిన పుటకు ఎంతో దూరమున లేవు.