మా మేనల్లుని కంప్యూటరు

1962వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో కొందరు యువకులు 'స్పేస్‌వార్' అను కంప్యూటరు ఆటను కల్పించిరి. వారు దానిని ఆడిన యంత్రము పేరు పి.డి.పి.-1. దాని వెల సుమారు 1,20,000 డాలర్లు. ఆనాడు సామాన్య గృహస్థునకు అట్టి యంత్రము అందని మ్రానిపండు. నేడు అంతకంటె ఎన్నో రెట్లు శక్తిగల కంప్యూటరును ఒక విద్యార్థి తన ఇంటిలో చాపమీద కూర్చుండి స్వహస్తములతో కూర్చుకొనగలడు. అయినను చేతిలోని ధనము కొలదిగా ఉన్నప్పుడు ఆ పని ఎంత ఆలోచనతో చేయవలసి యుండునో మా మేనల్లుని కథవలన తెలియగలదు.

మా అక్క జనగామలో కుట్టుపని చేసి కుటుంబమును పోషించుచున్నది. ఆమె కుమారుడు 2023వ సంవత్సరమున ఇంటర్మీడియెటు మొదటి ఏడు ముగించెను. వానికి కంప్యూటరు ఆటలనిన ప్రాణము. రెండు వేసవులు జిరాక్సు అంగడిలో పనిచేసి వాడు 27,000 రూపాయలు కూడబెట్టెను. అక్క తన చీటీ పాడి 15,000 రూపాయలు వాని చేతిలో పెట్టెను. "ఈ సొమ్ము వ్యర్థమైనచో మరల ఇచ్చుటకు నాయొద్ద లేదురా" అని మాత్రము ఒక మాట చెప్పెను.

వాడు నాయొద్దకు ఒక కాగితము తెచ్చెను. "మామయ్యా! నేను కొనదలచిన భాగములు ఇవి. ఒకసారి చూడుము" అనెను. చూచితిని. 42,000 రూపాయలలో 20,000 గ్రాఫిక్స్ కార్డునకే కేటాయించినాడు. తెరకు 8,000. రంగురంగుల దీపములుగల అద్దపు పెట్టెకు 5,000. ప్రాసెసరు, బోర్డు, మెమరీ మొదలగువానికి మిగిలిన కొలది సొమ్మును పంచినాడు. పవర్ సప్లయికి ఉంచినది 1,000 రూపాయలు మాత్రమే.

ఈ భాగముల పనులను ఇక్కడ కొంత తెలిసికొనవలెను. ఆటలో శత్రువు ఎటు కదలవలెను, బంతి ఎచట పడవలెను అను లెక్కలు చేయునది ప్రాసెసరు. ఆ లెక్కలను చిత్రములుగా మార్చునది గ్రాఫిక్స్ కార్డు. అప్పటికప్పుడు కావలసిన సమాచారమును చేరువలో ఉంచునది మెమరీ. విద్యుత్తు ఆపినను సమాచారమును భద్రపరచునది ఎస్.ఎస్.డి. వీనినన్నిటిని కలుపునది మదర్‌బోర్డు. ఇంటి విద్యుత్తును వీనికి తగినట్లు మార్చి పంచునది పవర్ సప్లయి.

వేర్వేరు కంపెనీల భాగములు ఒకదానితో నొకటి ఎట్లు అమరునని మీకు సందేహము కలుగవచ్చును. 1981వ సంవత్సరమున ఐ.బి.ఎం. కంపెనీ విడుదల చేసిన కంప్యూటరులో ఇతరులు చేసిన భాగములను చేర్చుటకు వీలుండెను. దాని నిర్మాణ వివరములు ప్రకటింపబడినందున ఇతర కంపెనీలును అట్టి యంత్రములను చేయసాగినవి. 1995లో ఇంటెల్ కంపెనీ బోర్డుల కొలతలకు, మరల రంధ్రముల స్థానములకు ఎ.టి.ఎక్స్. అను ప్రమాణమును ఏర్పరచెను. ఈ ఉమ్మడి కొలతల వలననే ఒకరు చేసిన బోర్డు మరియొకరు చేసిన పెట్టెలో సరిగా కూర్చుండుచున్నది.

నేను కాగితమును వానికి తిరిగి ఇచ్చి, "కాడికి ఒకవైపు బలమైన ఎద్దును, మరియొకవైపు బక్క ఎద్దును కట్టినచో బండి ఎవరి నడక నడచును?" అని అడిగితిని. వాడు తలవంచి, "బక్క ఎద్దు నడకయే మామయ్యా" అనెను. కాని వాని మనస్సు ఆ గ్రాఫిక్స్ కార్డును విడువలేదని వాని ముఖమే చెప్పుచుండెను.

మరునాడు రైలులో సికిందరాబాదు వెళ్లితిమి. అచట పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు భాగముల వ్యాపారమునకు పేరుపొందినది. ఒక చిన్న అంగడిలో వయస్సు మళ్లిన వర్తకుడు కాగితమును రెండుసార్లు చదివి, "బాబూ! ముందు నీ తెర ఎంతటిదో చెప్పుము" అనెను.

మేనల్లుడు, "1080 తెర" అని బదులు చెప్పెను.

"మంచిది. ఆ తెరపై అడ్డముగా 1,920, నిలువుగా 1,080 చుక్కలుండును. మొత్తము 20,73,600. ఆట సాఫీగా సాగుటకు సెకనుకు 60 చిత్రములు కావలెననుకొందము. అనగా సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగులు వేయవలెను. 4కె తెరయైనచో చుక్కలు దీనికి నాలుగు రెట్లు. కనుక తెరను నిర్ణయించిన తరువాతనే కార్డును నిర్ణయింపవలెను. నీవు చిన్న తెరను ఎంచుకొనుట తెలివైన పని. కాని ఈ 1,000 రూపాయల పవర్ సప్లయి మాత్రము తెలివైన పని కాదు" అని ఆయన బల్ల క్రిందనుండి ఒక మదర్‌బోర్డును తీసి చూపెను. దాని అంచు మాడి నల్లబడి యుండెను. "దీనిని తెచ్చినవాడును నీ యీడువాడే. చౌకది కొని ఆరు నెలలు ఆడుకొనెను. ఒకనాడు అది కాలుచు బోర్డునుకూడ కాల్చినది. పెట్టెపై పెద్ద అంకె వేయుటకు రంగు చాలును. ఆ శక్తిని నిజముగా ఇచ్చుటకు లోపల సరకుండవలెను."

మంచి పవర్ సప్లయిని గుర్తించు విధమునుకూడ ఆయన చెప్పెను. '80 ప్లస్' అను గుర్తున్నచో అది తాను తీసికొన్న విద్యుత్తులో కనీసము నూటికి 80 పాళ్లు భాగములకు అందించునని అర్థము. అయినను ఆ గుర్తొక్కటియే చాలదు. ప్రవాహము మితిమీరినప్పుడు తనంతట తాను ఆగిపోవు రక్షణయు, కొన్ని సంవత్సరముల హామీయు ఉండవలెను.

అంగడి మూలలో పాత గ్రాఫిక్స్ కార్డులు కొన్ని సగము వెలకు ఉండెను. మేనల్లుని చూపు వానిపై పడెను. 2022 సెప్టెంబరు వరకు ఎథీరియం అను డిజిటల్ నాణెమును సంపాదించుటకు లోకమంతట గ్రాఫిక్స్ కార్డులను రాత్రింబవళ్లు నడిపించిరి. ఆ నెలలో దాని విధానము మారుటతో అట్టి కార్డులనేకము పాత సరకుల అంగళ్లకు చేరినవి. "వీనిలో మంచివియు ఉన్నవి బాబూ. కాని వీనికి హామీ లేదు. మరల కొనగలవాడు సాహసింపవచ్చును. నీ సంగతి నీకే తెలియవలెను" అని వర్తకుడు ఊరకుండెను.

మేము బయటకు వచ్చి టీ త్రాగితిమి. వాడు చాలసేపు మాటలాడలేదు. నేనును ఏమియు చెప్పలేదు. సొమ్ము వానిది, వాని తల్లిది. తుదకు వాడు, "మామయ్యా! కార్డు ఇప్పుడు వద్దు. లోపలనే చిత్రశక్తిగల ప్రాసెసరు కొందును. కార్డు తరువాత చూతము" అనెను. ఆ మాట చెప్పునప్పుడు వాని గొంతు కొంచెము బొంగురుపోయెను.

ఆనాడు మేము కొన్న భాగములు ఇవి. రైజెన్ 5 5600జి అను ప్రాసెసరు 11,500 రూపాయలు. దీనికి ఆరు కోరులుండుటయేగాక చిత్రములను గీయు శక్తియు దానియందే కలదు. దానికి తగిన ఎ.ఎం.4 బోర్డు 7,500. ఎనిమిదేసి జీబీల మెమరీ ముక్కలు రెండు 3,600. 500 జీబీల ఎస్.ఎస్.డి. 3,000. 550 వాట్ల పవర్ సప్లయి 4,200. దీపములు లేని పెట్టె 2,700. తెర 8,000. కీబోర్డు, మౌస్ కలిపి 1,000. మొత్తము 41,500 రూపాయలు. మిగిలిన 500 రైలునకు, భోజనమునకు సరిపోయెను. ఈ ధరలు ఆనాటివి. కంప్యూటరు భాగముల ధరలు తరచుగా మారును. కావున ధరలను గాక, సొమ్మును పంచిన విధమును గుర్తుంచుకొనవలెను.

ఆ రాత్రి చాపపై పని మొదలయ్యెను. శరీరమునందలి స్థిర విద్యుత్తు సున్నితమైన భాగములకు హాని చేయవచ్చును. అందుచే వాడు ముందు పెట్టె ఇనుమును తాకి, తరువాత బోర్డును ముట్టెను. ప్రాసెసరు మూలనున్న చిన్న త్రిభుజమును బోర్డుపైనున్న త్రిభుజముతో సరిచూచి, బలము చూపక మెల్లగా దింపెను. దాని అడుగున సూదులవంటి మొనలు వందలకొలది యుండును. ఒక్కటి వంగినను ప్రమాదమే. తరువాత ఫ్యాను, మెమరీ, ఎస్.ఎస్.డి. వరుసగా అమర్చి, తీగలు కలిపి మీట నొక్కెను.

ఫ్యాను తిరిగెను. కాని తెర వెలుగలేదు.

వాని ముఖము వాడిపోయెను. కుట్టుమిషను చప్పుడు ఆగెను. అక్క గుమ్మమునొద్దకు వచ్చి నిలుచుండి, ఏమియు అడుగలేదు. వాడు విద్యుత్తు ఆపి, బోర్డుతో వచ్చిన పుస్తకమును తెరచి మొదటినుండి చదివెను. మెమరీ ముక్కలు రెండైనచో రెండవ, నాలుగవ గాడులలో ఉంచవలెనని అందు కలదు. అట్లుంచినచో ప్రాసెసరు రెండు దారులనుండి ఒకేసారి సమాచారమును గ్రహించును. వాడు ఉంచిన గాడులు సరియైనవే. కాని ఒక ముక్క ఒక అంచున వెంట్రుకవాసి పైకి లేచియుండెను. బొటనవ్రేలితో నొక్కగా టక్కుమనెను. మరల మీట నొక్కగా తెర వెలిగెను.

నిర్వహణ తంత్రమునకు సొమ్ము ఉంచుట చాలమంది మరచెదరు. వాడు ఉచితముగా లభించు లినక్సును ఎక్కించెను. 2018లో వాల్వ్ కంపెనీ ప్రోటాన్ అను సాధనమును విడుదల చేసిన తరువాత విండోస్‌కొరకు చేసిన ఆటలు పెక్కు లినక్సుపైనను ఆడుచున్నవి. కొన్ని మాత్రము ఆడవు. పెద్ద ఆటలను చిత్రపు నాణ్యత తగ్గించి ఆడవలసి వచ్చెను. దానికి వాడు చింతింపలేదు.

అక్క దగ్గరకు వచ్చి, "ఇందులో నా పదిహేను వేలు ఎక్కడున్నవిరా?" అని అడిగెను. వాడు పెట్టె మూత తీసి, బోర్డును, ఎస్.ఎస్.డి.ని, అడుగుననున్న పవర్ సప్లయిని చూపి, "ఇక్కడనే అమ్మా. ఆట ఆడునప్పుడు వీనినెవరును చూడరు. కాని అన్నిటిని మోయునవి ఇవియే. ఇంకొక మూడు వందలు రైలునకైనవి" అనెను. ఆమె నవ్వెను.

2024 వేసవిలో వాడు మరల జిరాక్సు అంగడిలో పనిచేసి, ఎనిమిది జీబీల రేడియాన్ ఆర్.ఎక్స్. 6600 కార్డును కొనెను. అది గరిష్ఠముగా 132 వాట్లు కోరును. ప్రాసెసరునకు 65 వాట్లు. రెండును కలిపి 197. మిగిలిన భాగములను లెక్కించినను 550 వాట్ల పవర్ సప్లయికి అది భారము కాలేదు. పాత భాగములలో ఒక్కటియు పారవేయవలసిన అగత్యము రాలేదు. పావుగంటలో కార్డు అమరెను. వాడు ఏడాదిపాటు ఎదురుచూచిన ఆట ఆనాడు తెరపై సాఫీగా సాగెను.

విద్యార్థులారా! ధనము కొలదిగా ఉండుట సిగ్గుపడదగినది కాదు. ఏది నేడు కావలెను, ఏది రేపటివరకు ఆగగలదు అని తెలిసికొనుటయే ఇట్టి పనులయందు నిజమైన నేర్పు. పునాదికి వెచ్చింపవలసినది గోడల రంగునకు వెచ్చించినవాడు మరల మరల కట్టుకొనవలసి వచ్చును. ఇప్పుడు మా మేనల్లుని మిత్రులు కంప్యూటరు కొనదలచినప్పుడు తమ కాగితములను తెచ్చి వానికి చూపుచున్నారు. వాడు మొదట అడుగునది గ్రాఫిక్స్ కార్డును గూర్చి కాదు. "పవర్ సప్లయికి ఎంత ఉంచినావు?" అని.