పొలం వీడియోని డీవీడీలో ఎక్కించేటప్పుడు సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి?



మన వీడియోలు ఫోన్‌లో చూసేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద వయసు రైతులు ఇప్పటికీ "బాబూ, ఆ జీవామృతం వీడియో డిస్కులో వేసి ఇవ్వు, ఇంట్లో టీవీలో చూసుకుంటాను" అని అడుగుతుంటారు. నేను మొదట చేసిన డిస్కు రైతుల మీటింగులో సరిగ్గా పప్పు పిండి కలిపే చోట ఆగిపోయింది. బొమ్మ బాగా రావాలని అన్ని సెట్టింగులూ పైకి పెట్టేశాను. అదే తప్పు.

1. ముందు బిట్‌రేట్ లెక్క చూసుకోండి

బిట్‌రేట్ అంటే ఒక సెకనుకి ఎంత సమాచారం వెళ్తుందో ఆ లెక్క. కాలవ నీళ్లు లాంటిదే. తూము ఎంత తెరిస్తే చెరువు అంత తొందరగా ఖాళీ అవుతుంది. మామూలు డీవీడీలో పట్టేది 4.7 జీబీ. కంప్యూటర్ దాన్నే 4.37 అని చూపిస్తుంది, కంగారు పడొద్దు.

సులువు లెక్క: 595ని వీడియో నిమిషాలతో భాగించండి. బొమ్మకీ శబ్దానికీ కలిపి ఎన్ని మెగాబిట్లు వాడొచ్చో వస్తుంది. మెనూ వగైరాలకు కొంచెం చోటు వదిలేసిన లెక్క ఇది.

- 60 నిమిషాలు: 9.9
- 90 నిమిషాలు: 6.6
- 120 నిమిషాలు: దాదాపు 5

60 నిమిషాలకి 9.9 వచ్చింది కదా అని అంతా వాడకండి. డీవీడీలో అన్నీ కలిపి గరిష్ఠ హద్దు 10.08. కంప్యూటర్‌లో రాసిన డిస్కు ఆ హద్దు దాకా వెళ్తే పాత ప్లేయర్లు తడబడతాయి. బొమ్మకి 7 దాటనివ్వకండి. నా డిస్కు ఆగింది ఇక్కడే: బొమ్మకి 8.5, శబ్దానికి 1.5 పెట్టాను.

అలాగని మరీ తగ్గించకూడదు. గాలికి ఊగే వరి చేను ఎన్‌కోడర్‌కి చాలా కష్టమైన బొమ్మ. ప్రతి ఆకూ కదులుతుంది కాబట్టి బిట్లు చాలకపోతే చేనంతా గళ్లు గళ్లుగా కనపడుతుంది. అందుకే ఫోన్ని స్టాండు మీద పెట్టి తీయండి, వీడియోని 90 నిమిషాల లోపు ఉంచండి. వేరియబుల్ బిట్‌రేట్, 2 పాస్ అనేవి ఉంటే ఎంచుకోండి. కదలిక ఎక్కువున్న చోటికి ఎక్కువ బిట్లు అవే పంపుతాయి.

2. బొమ్మ సెట్టింగులు

ఫార్మాట్ ఎంపెగ్-2, పాల్, సైజు 720 × 576, సెకనుకి 25 ఫ్రేములు, వెడల్పు 16:9. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని తీయండి.

ఫోన్లు సాధారణంగా 30 ఫ్రేములతో తీస్తాయి, అదీ మధ్యలో మారుతూ ఉంటుంది. అందుకే సగం వీడియో అయ్యాక మాట ఒకచోట, పెదాలు ఒకచోట ఉంటాయి. ముందు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 25, కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకుని, తర్వాత డీవీడీస్టైలర్ లాంటి దాంట్లో డిస్కు తయారుచేయండి.

తెర మీద వేసే అక్షరాలు పెద్దవిగా ఉండాలి. చిన్న అక్షరాల్లో మన ఒత్తులు కలిసిపోతాయి. అంచులకి ఆనించి రాయకండి, పాత టీవీలు అంచులు కోసేస్తాయి.

3. శబ్దం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా రైతు సర్దుకుంటాడు. మాట సరిగా వినపడక "పది" కాస్తా "పదిహేను" అయితే మోతాదే మారిపోతుంది. 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. ఈ అంకెలు చెవికి స్పష్టంగా వినపడాలి, తెర మీద కూడా కనపడాలి.

ఏసీ-3, 48 కిలోహెర్ట్జ్, 192 కిలోబిట్లు పెట్టండి. మాటలకి ఇది చాలు. పీసీఎం పెడితే 1,536 కిలోబిట్లు తినేస్తుంది, మాటలో పెద్ద తేడా ఉండదు. గాలి హోరు, మోటారు చప్పుడు మాత్రం ఏ సెట్టింగూ తీసేయలేదు. కాలర్ మైకు పెట్టుకోండి, మోటారు ఆపి మాట్లాడండి.

4. రాయడం, సరిచూడటం

డిస్కుని 4ఎక్స్ లేదా 8ఎక్స్ వేగంతో రాయండి. చివర్లో ఫైనలైజ్ తప్పనిసరి. పంచే ముందు ఒక్క డిస్కు రాసి, ఊళ్లో ఉన్న అన్నిటికన్నా పాత ప్లేయర్లో వేసి చివరి పది నిమిషాలు చూడండి. డిస్కు బయటి అంచులోనే ఎక్కువగా ఆగుతుంది. అక్కడ ఆడితే మిగతాది ఆడినట్టే.

టీవీకి యూఎస్‌బీ ఉన్నవాళ్లకి పెన్‌డ్రైవ్‌లో హెచ్.264, ఏఏసీతో ఎంపీ4 ఇవ్వండి. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి.

పై వీడియోలో ఒక్కో సెట్టింగు ఎక్కడ ఉంటుందో చూపించాను. పక్కన పెట్టుకుని ఒక డిస్కు చేసి చూడండి. చూసిన రైతు మళ్లీ అడక్కుండా తొట్టి దగ్గర పని మొదలుపెడితే, మన డిస్కు బాగున్నట్టే.