చక్రముల గదికి పైరేకు

పొలమున రాత్రికాపుకై ట్రాక్టరు వెనుక లాగుకొనిపోవు గదిని స్వయముగా కట్టుకొను రైతు సోదరులు, వెలుపల ఏ రేకు మేలని మమ్మడుగుచున్నారు.

1 మిల్లీమీటరు మందముగల ఇనుపరేకు చదరపు మీటరునకు 7.85 కిలోలు, అల్యూమినియము 2.7 కిలోలు తూగును. 20 చదరపు మీటర్ల రేకు పట్టు గదికి 100 కిలోల భారము తగ్గును. కాని అల్యూమినియము మెత్తనిది. కొమ్మ తగిలినను సొట్టపడును. జింకుపూత ఇనుపరేకు గట్టిది, చవక. పూత పోయినచోట తుప్పు పట్టును. గ్రైండరుతో కోసినచో వేడికి పూత కాలిపోవును గనుక రేకుకత్తెరతోనే కోయవలెను.

కావున ఉప్పుగాలి తగులు సముద్రతీరమునను, దూరము లాగవలసినచోటను అల్యూమినియము, తక్కినచోట్ల జింకురేకు తగును.

అయితే గదిని చెరచునది రేకుకంటె అతుకే. పైరేకు అంచు క్రిందిరేకుపై పడవలెను. ప్రతి మరమేకు క్రిందను రబ్బరు బిళ్ల యుండవలెను. 8 అడుగుల అల్యూమినియపు రేకు 40 డిగ్రీల వేడి పెరిగినచో సుమారు 2 మిల్లీమీటర్లు సాగును. రంధ్రములు కొంచెము వదులుగా నుంచుడు. వట్టి ఇనుము అల్యూమినియమునకు తగులుచు తడిసినచో అల్యూమినియమే తినబడును. నడుమ రబ్బరు వేయుడు.

లోపలి పలకలు బిగింపకమునుపే గదిపై నీరు పోసి చూడుడు. అప్పుడు కనబడిన చెమ్మను మాన్పుట స్వల్పమైన పని. పిమ్మట కనబడినచో కొయ్యచట్రమే కుళ్లియుండును.